123 మంది పిల్లల లెక్క
బడి వయసు రాని పిల్లల చదువు మీద ప్రభుత్వం పెట్టే ప్రతి డాలరుకూ ఏడు డాలర్లు తిరిగొస్తాయని, అంగన్‌వాడీలకు డబ్బు ఇవ్వాలని అడుగుతూ వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. ఆ లెక్క 1960ల్లో అమెరికాలోని మిషిగన్‌లో జరిగిన పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగానిది. అందులో మొత్తం 123 మంది పిల్లలు, ఆ బడిలో చదివింది 58 మందే. ఐదారుగురికి ఒక టీచరు, పైగా వారం వారం ఇంటికొచ్చి తల్లితో మాట్లాడేవారు. మా వీధి అంగన్‌వాడీలో ఉన్న ఒక్క టీచరమ్మే గుడ్లు పంచాలి, బరువులు తూచాలి, ఫోన్లో ఫొటోలు ఎక్కించాలి, మధ్యలో వీలు దొరికితే పాఠం చెప్పాలి. అమెరికాలోనే టెనస్సీ రాష్ట్రమంతటా నడిపిన ప్రీ-కె (బడికి ముందు చెప్పే చదువు) మీద 2022లో వచ్చిన అధ్యయనంలో, అక్కడ చదివిన పిల్లలు ఆరో తరగతికల్లా మిగతావాళ్ల కంటే వెనకబడ్డారు. దాని ఊసే వ్యాసంలో లేదు. అంగన్‌వాడీలకు డబ్బు ఇవ్వాల్సిందే, ఇంకా ఎక్కువే ఇవ్వాలి. కానీ ఏడింతల లాభం చూపించి అడగొద్దు. రేపు ఆ లాభం కనబడకపోతే ముందు కోత పడేది పిల్లల గుడ్డుకే.