తగ్గింపు ధర సోలార్ ఇన్వర్టర్ వారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ తగ్గింపు ధర సోలార్ ఇన్వర్టర్ గారికి,

తిరుపతి వాస్తవ్యుడైన ఒక సామాన్య గృహస్థుడు నమస్కరించి వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం ఎండలో క్షేమంగా ఉన్నాము. తమరు గాంధీ రోడ్డు దుకాణాల అద్దాల వెనుక, ఏసీ గాలిలో, క్షేమంగానే ఉన్నారని రోజూ చూస్తూనే ఉన్నాము.

ముందుగా తమ మెడలోని చీటీకి నా వందనాలు. దాని మీద 16,000 అనే అంకెను ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టివేసి, కింద 8,999 అని వ్రాశారు. ఆ కొట్టివేసిన ధరను పూర్తిగా చెల్లించి తమను ఇంటికి తీసుకుపోయిన మహానుభావుడు తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఒక్కడైనా ఉంటే, ఆయనకు శాలువా కప్పి సన్మానం చేయాలని మా వీధివాళ్లం అనుకుంటున్నాము. ఇంతవరకు ఎవరూ దొరకలేదు. ఉగాదికి తగ్గింపు, సరిహద్దు అవతలి తమిళనాడు నుంచి మనకూ అలవాటైన ఆడి మాసపు తగ్గింపు, బ్రహ్మోత్సవాలకు తగ్గింపు, దీపావళికి తగ్గింపు, ఆ పైన సరుకు ఖాళీ చేయడానికి మరో తగ్గింపు. తమ ధర తగ్గకుండా ఉండే తిథి ఏదో పంచాంగంలో వెతికినా కనబడదు. మూడు వందల రూపాయల దర్శనం టికెట్టు కొనేటప్పుడు కూడా ఎన్ని గంటలు పడుతుంది, సెల్‌ఫోను ఎక్కడ పెట్టాలి, లడ్డూలు ఎన్ని ఇస్తారు అని పది ప్రశ్నలడిగే ఊరు మాది. అటువంటి ఊరు తమ ఎర్రగీత ముందు నిలబడగానే నోరెత్తకుండా డబ్బు తీస్తున్నది కనుక, ఆ ప్రశ్నలను ఈ లేఖలో నేనే అడుగుతున్నాను.

తమ పేరులో సోలార్ అని ఉన్నది. పెట్టె విప్పి చూస్తే అందులో సూర్యుడికి సంబంధించినది ఏమీ లేదు. ప్యానెల్ లేదు, బ్యాటరీ లేదు, మిద్దె మీద ప్యానెల్‌ను నిలబెట్టే ఇనుప స్టాండు లేదు, తీగ లేదు, ఎర్తింగ్ లేదు. ప్యానెల్ నుంచి వచ్చే రెండు తీగలు బిగించడానికి వెనుక రెండు మరలు మాత్రం ఉన్నాయి, ఆ రెండు మరలే తమ సౌరత్వం. తగ్గింపు తమ ఒక్కరికే వర్తిస్తుంది, తమ పరివారానికి వర్తించదు. తమరు చవకగా వచ్చారన్న సంతోషంలో ఇంటాయన మిగిలినవన్నీ పూర్తి ధరకు కొంటాడు. కొన్న తరువాత వెనక్కి తగ్గలేడు.

పెట్టె మీద 1000 అనే అంకెను దూరం నుంచి కూడా కనబడేంత పెద్దగా అచ్చు వేశారు, దాని పక్కన వీఏ (వోల్ట్ ఆంపియర్) అనే రెండక్షరాలను మాత్రం కళ్లద్దాలున్న వారి కోసం వదిలారు. కొనేవారు దానిని వెయ్యి వాట్లు అనుకుంటారు. ఆ వీఏలో వాట్లుగా పనికొచ్చే వంతు, అంటే పవర్ ఫ్యాక్టర్, 0.8 అయితే తమరు మోయగలిగేది 800 వాట్లే, అది ఇంకా తక్కువైతే మోసేదీ తక్కువే. సంగటిలోకి ఊరిబిండి నూరే మిక్సీ ఒక్కటే 750 వాట్లు. ఫ్రిజ్ కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో లాగే కరెంటు అది నడిచేటప్పటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇక సంపులోని ఒక హెచ్‌పీ మోటారు సంగతి తమ ముందు ఎత్తడమే అమర్యాద. తమరు కీచుమని అరిచి, ఎర్ర దీపం వెలిగించి, ఓవర్‌లోడ్ అని మమ్మల్నే తప్పుపడతారు.

తమరిచ్చే కరెంటు ఆకారం మరొక విషయం. మా ఇళ్లకు గ్రిడ్ నుంచి వచ్చేది సైన్ వేవ్, అంటే నున్నగా లేచి నున్నగా దిగే తరంగం. తమ ధరలో తెచ్చుకోగలిగినది చాలాసార్లు చదరపు తరంగమో, మెట్లు మెట్లుగా ఉండే తరంగమో అయి ఉంటుంది. దానితో ఫ్యాను రాత్రంతా గుయ్యిమంటుంది, మోటార్లు వేడెక్కుతాయి. దుకాణదారు మాత్రం అది మొదట్లో కొన్నాళ్లే ఉంటుందండీ, తరువాత అలవాటైపోతుందని సెలవిస్తాడు. అలవాటయ్యేది ఫ్యానుకా, చెవికా అన్నది చెప్పడు.

తమ అసలు ప్రతిభ వీటన్నిటికంటే లోపల ఉన్నది. 8,999 రూపాయల్లో ప్యానెల్ నుంచి బ్యాటరీకి కరెంటును అందించే భాగం సాధారణంగా పీడబ్ల్యూఎం రకం. దానికంటే ఖరీదైనది ఎంపీపీటీ రకం. మొదటిది ప్యానెల్ వోల్టేజీని బ్యాటరీ వోల్టేజీకి లాగి కూర్చోబెడుతుంది, రెండవది ప్యానెల్ ఏ వోల్టేజీ వద్ద ఎక్కువ ఇవ్వగలదో అక్కడ దానిని పని చేయనిచ్చి, ఆ తరువాత బ్యాటరీకి తగినట్లు మారుస్తుంది. ఇప్పుడు లెక్క చూడండి. బజారులో దొరికే పెద్ద ప్యానెల్ ఒకటి సుమారు 37 వోల్టుల వద్ద 330 వాట్లు ఇస్తుంది, అంటే దాదాపు 9 ఆంపియర్లు. దానిని 12 వోల్టుల బ్యాటరీ ఉన్న తమకు తగిలిస్తే, ఆ వోల్టేజీని తట్టుకునే రకమైతే, అదే 9 ఆంపియర్లు 13 వోల్టుల వద్ద ప్రవహించి 120 వాట్ల లోపే బ్యాటరీలోకి చేరుతుంది. ప్యానెల్ కొన్నవాడు 330 వాట్లకు డబ్బు కట్టాడు. మిగిలిన రెండు వందల పైచిలుకు వాట్లు శ్రీవారి హుండీలో పడినా పుణ్యమైనా దక్కేది. పైగా పెట్టె మీద ఎంపీపీటీ అని స్టిక్కరు అంటించుకుని లోపల పీడబ్ల్యూఎంతో కాలక్షేపం చేసే తమ దగ్గరి బంధువులు కూడా బజారులో తిరుగుతున్నారని విన్నవించుకుంటున్నాను.

మా ఊరి ఎండ గురించి తమకు ఎవరైనా చెప్పారో లేదో తెలియదు. ప్యానెల్ మీద వ్రాసిన వాట్లు, అందులో ఎండను కరెంటుగా మార్చే సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలుగా ఉన్నప్పుడు కొలిచినవి. మే నెలలో శేషాచలం కొండ రాళ్లతో సహా కాగుతున్నప్పుడు మిద్దె మీది సెల్ 65 డిగ్రీలకు చేరడం వింత కాదు, అప్పుడు ఒక్కొక్క డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున ఏడో వంతు ఉత్పత్తి ఆవిరైపోతుంది. తమ సంగతి ఇంకా సున్నితం. లోపలి కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికీ రమారమి సగానికి పడిపోతుంది. అటువంటి తమను మేము మెట్ల కింద, గాలి ఆడని మూలలో, చెప్పుల స్టాండు పక్కన ప్రతిష్ఠిస్తున్నాము. ఈ పాపంలో మా వంతు మేము ఒప్పుకుంటాము, కానీ చీటీ మీద ధర తప్ప ఉష్ణోగ్రత అంకె ఒక్కటి కూడా వ్రాయని వారి వంతు కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైన నాటి నుంచి తమరికి కొత్త కళ వచ్చింది. ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు గానీ అంతకు మించి గానీ అయితే 78,000 రూపాయల రాయితీ ఇస్తారు. అది గ్రిడ్‌కు కలిపిన ఇంటి పైకప్పు వ్యవస్థలకు, నమోదైన విక్రేత ద్వారా, స్వదేశీ సెల్స్‌తో చేసిన ప్యానెళ్లతో అమర్చినప్పుడు, పని పూర్తయి తనిఖీ జరిగిన తరువాత వినియోగదారుడి బ్యాంకు ఖాతాలో పడే సొమ్ము. గ్రిడ్‌తో సంబంధం లేకుండా మెట్ల కింద కూర్చునే తమరికి దానితో ఏ చుట్టరికమూ లేదు. అయినా గవర్నమెంటు సబ్సిడీ పోగా ఈ రేటండీ అని కొన్ని దుకాణాల్లో తమను పరిచయం చేస్తున్నారు. దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్న ఊళ్లోనే ఇంత ధైర్యంగా చెప్పగలగడం మెచ్చుకోదగినదే.

ఇక గ్రిడ్‌కు కలిపి నడిచే తమ అన్నగారు, ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ గారి విషయం. కరెంటు పోగానే ఆయన కూడా ఆగిపోతారు, పైన ఎంత ఎండ కాస్తున్నా సరే. ఇది ఆయన లోపం కాదు. లైన్‌మన్ స్తంభమెక్కి పని చేస్తున్నప్పుడు ఇళ్ల మీది కరెంటు వెనక్కి తీగల్లోకి ప్రవహిస్తే ఆయన ప్రాణం పోతుంది, అందుకే ఆగిపోవడం తప్పనిసరి చేసి, దానిని పరీక్షించడానికి ఐఎస్ 16169 అనే భారతీయ ప్రమాణమే పెట్టారు. ఆ అన్నగారిని నేను గౌరవిస్తాను. కాకపోతే కోతలప్పుడు ఇల్లంతా వెలుగుతుందని నమ్మి మూడు కిలోవాట్లు పెట్టించుకున్న ఇంటాయనకు ఈ మాట మొదటి కోత నాడు చీకట్లో తెలియడం న్యాయమేనా? బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ రకం కావాలంటే ధర వేరు, ఆ మాట ఎత్తితే ఎర్రగీత వెలిసిపోతుంది.

వర్షాకాలం మాట కూడా అడగాలి. మాకు అసలు వానలు నవంబరులో వస్తాయి, 2021 నవంబరులో ఊరు ఎలా మునిగిందో ఇక్కడి వారు మరచిపోలేదు. కరెంటు పోయే రోజుల్లోనే సూర్యుడూ పోతాడు. అప్పుడు మిగిలేది బ్యాటరీ. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీలో నిండా ఉన్నా 1.8 యూనిట్లే, దాని ఆయుష్షు కోరి సగమే వాడుకుంటే 0.9 యూనిట్. రెండు ఫ్యాన్లు, నాలుగు దీపాలు, టీవీ కలిపి 300 వాట్లనుకుంటే మూడు గంటలు, మధ్యలో తమరు తినేది కూడా తీసేస్తే అంతకంటే తక్కువ. పెట్టె మీద ఎనిమిది గంటల బ్యాకప్ అని వ్రాసినవారు ఏ ఇంట్లో, ఎన్ని దీపాలు వెలిగించి కొలిచారో ఆ చిరునామా ఇప్పించగలరు.

వారంటీ ఐదేళ్లు అన్నారు, సంతోషం. సర్వీస్ సెంటరు చెన్నైలో ఉన్నదని, తమను అక్కడికి మోసుకుపోయే ఖర్చు మాదేనని, పిడుగు, బల్లి, చీమ, తేమ, వోల్టేజీ హెచ్చుతగ్గులు కార్డు వెనుక ఉన్న మినహాయింపుల్లోకి వస్తాయని కొన్న తరువాత చదువుకున్న వారు మా వీధిలోనే ఉన్నారు. మినహాయించకుండా మిగిలిన ప్రమాదం ఏమిటో వారిలో ఎవరికీ అంతు పట్టలేదు.

కనుక తమ యజమానుల ద్వారా ఈ కింది వాటికి కాగితం మీద జవాబు ఇప్పించవలసిందిగా ప్రార్థన: తమరు మోసేది ఎన్ని వాట్లు, ఎంత ఉష్ణోగ్రత వరకు, తరంగం ఏ రకం, లోపల ఉన్నది ఎంపీపీటీయా కాదా, ప్యానెల్ వైపు గరిష్ఠ వోల్టేజీ ఎంత, ఐఎస్ 16221 భద్రతా పరీక్ష ధ్రువపత్రం ఉన్నదా, తిరుపతిలోనే బాగు చేసే మనిషి ఎవరు. ఈ ప్రశ్నలకు నోటిమాటగా వచ్చే జవాబులను జిల్లా వినియోగదారుల కమిషన్ వారి ముందు నిరూపించడం కష్టం కనుక కాగితం అడుగుతున్నాను, అన్యథా భావించవద్దు.

ఇట్లు,
తమ అద్దం ముందు రోజూ నిలబడే
తిరుపతి గృహస్థుడు

తా.క.: బిల్లు వద్దంటే మరో 1,000 రూపాయలు తగ్గిస్తామని దుకాణంలో నెమ్మదిగా చెప్పారు. వారంటీ కార్డులో బిల్లు సంఖ్య, కొన్న తేదీ అని రెండు గళ్లు ఉన్నాయి. ఆ గళ్లలో ఏమి వ్రాయాలో కూడా పై జవాబులతో పాటే తెలియజేయగలరు.