మీసం ఊడిందని నవ్విన వారికి

నిన్న సాయంత్రం మన హైదరాబాదులోనే రాయబారం పద్యనాటకం చూసి వచ్చాను. ఈ ఉదయం ఫోన్ తెరిస్తే, ఆ నాటకంలోని దుర్యోధన పాత్రధారి మీసం ఊడిన ఇరవై సెకన్ల వీడియో మూడు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. కింద అన్నీ పగలబడి నవ్వే బొమ్మలే. ముందు వరుసలో కూర్చుని దాన్ని తీసిన పెద్దమనిషి ఎవరో గాని, ఆయన ఫోన్ దించేశాక జరిగినదంతా నేను చూశాను.

పద్యం రెండో పాదంలో ఉండగా కుడివైపు మీసం పెదవి మీదికి వేలాడింది. ఆయన పద్యం ఆపలేదు. మీసం మెలేస్తున్నట్టు చెయ్యెత్తి, ఊడిన ముక్కను వేళ్లతో అదిమిపట్టి, అదే కోపంతో కృష్ణుడికి వీపు చూపి సింహాసనం వైపు నడిచాడు. హార్మోనియం వాయించే ఆయన సంగతి పసిగట్టి రాగాన్ని సాగదీశాడు. దుశ్శాసనుడు తన వంతు రాకముందే వచ్చి అన్నకు అడ్డుగా నిలబడ్డాడు. దుర్యోధనుడు ఇటు తిరిగేసరికి మీసం దాని చోట అది ఉంది, నాలుగో పాదం శ్రుతి తప్పలేదు. ముగ్గురూ ఒక్క మాటైనా అనుకోకుండా చేసిన ఆ పనికి వన్స్‌మోర్ అనబోయి, గొంతు పూడుకుపోయి ఊరుకున్నాను.

నాట్యశాస్త్రంలో భరతుడు ప్రదర్శనకు కలిగే ఘాతాలను, అంటే ఆటంకాలను, చెబుతూ కిరీటాలు, ఆభరణాలు జారిపడటాన్ని కూడా పేర్కొన్నాడు. ప్రేక్షకుడు ఎలా ఉండాలో కూడా అక్కడే చెప్పాడు: పాత్ర సంతోషిస్తే సంతోషించేవాడు, దుఃఖిస్తే దుఃఖించేవాడు. 1885లో మొదలైన సురభి నాటక సమాజం వారు ఘటోత్కచుణ్ణీ మాయలనూ తీగలతో, తాళ్లతో నడిపిస్తూ వచ్చారు. అక్కడ ఒక్క తాడు బిగుసుకుంటే పరువే కాదు, ప్రాణం కూడా పోవచ్చు. రంగస్థలం మీద రెండో టేకు ఉండదు.

అసలు ఆ మీసం ఎందుకు ఊడింది? నాటకం 6:30కి అన్నారు. నటులు 4:30కే రంగు వేసుకుని, కిరీటం, భుజకీర్తులు, జరీ దుస్తులతో ఉక్కపోసే గదిలో కూర్చున్నారు. వేదిక మీద మాత్రం 8:15 దాకా సన్మానాలు, శాలువాలు, అతిథుల ప్రసంగాలు. చెమటకు గమ్ము నిలుస్తుందా? పైగా నాటకం మధ్యలో చీటీ పంపారు, 9:30కల్లా ముగించాలట, రాగాలు తగ్గించాలట! ప్రసంగాలు తగ్గించమని ఏ అతిథికైనా చీటీ పంపిన నిర్వాహకుణ్ణి ఈ ముప్పై ఏళ్లలో నేను చూడలేదు. నాటకం చూడడానికి వచ్చిన మమ్మల్ని సన్మానాలకు చప్పట్లు కొట్టే జనంగా మార్చేశారు. శాలువా కప్పించుకున్న వారిలో సగం మంది తెర లేవకముందే కారెక్కారు.

నాటకం అయ్యాక తెర వెనక్కి వెళ్లాను. ఆ దుర్యోధన పాత్రధారి కొబ్బరినూనెతో ముఖం తుడుచుకుంటూ నన్ను అడిగింది ఒక్కటే: "నాలుగో పాదం వెనక వరుసలకు వినిపించిందా అండీ?" వినిపించిందన్నాను. అప్పటికి ఆ వీడియో సంగతి ఆయనకు తెలియదు. ఈపాటికి తెలిసే ఉంటుంది. దాన్ని తీసిన వారు ఈ మాటలు చదివితే, దయచేసి ఈరోజే తొలగించండి.