డైరీ ఒక్కటే సరిపోదు

పెద్దవాళ్లలో ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతిచురుకుదనం, తొందరపాటు ఉండే సమస్య) గురించి మీ వ్యాసం చదివాను. పెద్దయ్యాక అది దానంతటదే పోతుందనుకోవడం అపోహేనని అందులో చెప్పడం చాలా అవసరం. చిన్నప్పటి గెంతులు తగ్గినా మతిమరుపు, వాయిదాలు, లోపలి కుదురులేనితనం చాలామందిని వదలవు. మానసిక సమస్యల నిర్ధారణకు డాక్టర్లు వాడే అమెరికా గ్రంథం డీఎస్‌ఎం-5 (2013) ప్రకారం 17 ఏళ్లు నిండినవారికి ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం-తొందరపాటు అన్న రెండు విభాగాల్లో ఏదో ఒకదానిలో ఆరు కాదు, ఐదు లక్షణాలున్నా లెక్కలోకి వస్తుంది. అయితే కొన్ని లక్షణాలు 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి.

వ్యాసంలోని ‘డైరీ రాసుకోండి’ అన్న సలహా దగ్గర మాత్రం ఆగిపోకండి. డైరీ తెరవాలన్న సంగతే గుర్తుండదు, అసలు సమస్యే అది! మా ఆయనకూ ఈ సమస్య ఉంది. ఆయన కట్టాల్సిన బిల్లును తలుపు గడియకే తగిలిస్తాం, ముట్టుకోకుండా బయటికి వెళ్లలేరు. లెక్కలు చూసుకునేటప్పుడు పక్కన నేను ఊరికే కూర్చున్నా చాలు, పని కదులుతుంది. డాక్టర్ సలహాతో వాడే మందులు, సీబీటీ (ఆలోచనల తీరును, అలవాట్లను మార్చుకోవడానికి మాటలతో చేసే చికిత్స) కూడా చాలామందికి మేలు చేస్తాయి. దయచేసి ఇలాంటివాళ్లను బద్ధకస్తులనకండి, ఆ మాట వాళ్లను లోలోపల కుంగదీస్తుంది.