సర్టిఫికెట్లు సరే, సంపాదన సంగతి?

పేద దేశాల్లో యువతులకు ఉపాధి శిక్షణ గురించిన నివేదిక ఏది తెరిచినా ముందు కనిపించేది ఎంతమందికి సర్టిఫికెట్లు ఇచ్చారన్న సంఖ్యే. ఏడాది తర్వాత వారిలో ఎందరు సంపాదిస్తున్నారో చెప్పేవి తక్కువ. చెబితే ఇబ్బందే మరి. ఇలాంటి పథకాలపై వచ్చిన అధ్యయనాలను ఆర్థికవేత్త డేవిడ్ మెకెంజీ 2017లో సమీక్షించారు. వృత్తి శిక్షణ అవకాశం పొందిన ప్రతి వందమందిలో కేవలం దానివల్ల ఉద్యోగం దొరికినవారు సగటున ముగ్గురు కూడా లేరు.

అలాగని శిక్షణే దండగ అనలేం. అంతర్యుద్ధం నుంచి తేరుకుంటున్న లైబీరియాలో ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో నడిచిన పథకంలో యువతుల ఉపాధి 47 శాతం, ఆదాయం 80 శాతం పెరిగాయి. అక్కడ పాఠాలకంటే ఏర్పాట్లే ఎక్కువ పనిచేశాయని నా అభిప్రాయం. తరగతులు వాళ్లుండే చోటికి దగ్గర్లోనే పెట్టారు. చంటిపిల్లల తల్లులు చదువు మానేయకుండా పిల్లల్ని చూసుకునే మనుషుల్ని పెట్టారు. ఆరు నెలల తరగతులు ముగిశాక మరో ఆరు నెలలు వెన్నంటి ఉన్నారు. ఉద్యోగ శిక్షణ పొందినవారికంటే చిన్న వ్యాపారం నేర్చుకున్నవారే ఎక్కువ లాభపడ్డారు. ఉద్యోగాలే అరుదైన చోట అందులో వింతేముంది?

అయితే ఇదంతా చౌకగా జరగలేదు. ఒక్కొక్కరికి వెయ్యి డాలర్లకు పైగా ఖర్చయింది. దాతలు వెనకడుగు వేసేది ఇక్కడే. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు మొదట కోత పడేది పిల్లల సంరక్షణకే. మలావీలో జరిపిన ఒక అధ్యయనంలో కుటుంబ బాధ్యతలవల్ల శిక్షణ మధ్యలో మానేసినవారు పురుషులకంటే స్త్రీలలోనే ఎక్కువ. ఉగాండాలో బంగ్లాదేశ్ స్వచ్ఛంద సంస్థ బ్రాక్ నడిపిన, వృత్తి నైపుణ్యాలు నేర్పే బాలికల క్లబ్బులు ఆదాయాన్ని పెంచాయి, చిన్న వయసు గర్భాలను తగ్గించాయి. అరకొర వనరులతో అదే పథకాన్ని టాంజానియాలో నడిపితే ఫలితం కనిపించలేదు.

ఏ వృత్తి నేర్పుతున్నారన్నదీ తేలిగ్గా తీసుకోవలసిన విషయం కాదు. ఉగాండాలో జరిగిన మరో పరిశీలనలో, మగవాళ్ల పనులుగా ముద్రపడ్డ రంగాల్లోకి వెళ్లిన మహిళా వ్యాపారుల లాభాలు ఆడవాళ్ల పనులకే పరిమితమైనవారికి మూడు రెట్లున్నాయి. అయినా కుట్టుపని, జుట్టు అలంకరణ తరగతులకే ఇప్పటికీ పెద్దపీట.

శిక్షణ సంస్థలకు డబ్బిచ్చే నేపాల్ ఉపాధి నిధి పద్ధతి నాకు నచ్చింది. శిక్షణ పొందినవారు నిజంగా సంపాదిస్తున్నారని తేలితేనే సంస్థకు పూర్తి సొమ్ము అందేది. ఇందులో ఒక ప్రమాదం ఉంది: సులువుగా పని దొరికే అమ్మాయిలనే సంస్థలు ఏరుకుంటాయి. అందుకే బాగా వెనకబడిన వర్గాల మహిళలకు పని చూపిస్తే ఎక్కువ ప్రోత్సాహకం ఇచ్చే ఏర్పాటు కూడా అందులో ఉండేది.