వాట్ ఆడాసిటీ అట!

బెంగళూరులో ఇప్పుడు ఎవరు కాస్త గట్టిగా మాట్లాడినా ‘ఆడాసిటీ’ అనేస్తున్నారు, ఎంత పొగరు, ఎంత తెగింపు అని. ఇంట్లో పనిచేసే ఆవిడ జీతం పెంచమన్నా అదే మాట, ఆఫీసులో జూనియర్ శనివారం రానన్నా అదే మాట. అదే మేనేజర్ క్లయింట్‌తో అడ్డంగా వాదించి వస్తే ‘బోల్డ్’ అని మెచ్చుకుంటారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఈ మాట చేసిన పనిని చూసి రావడం లేదు, చేసిన మనిషి స్థాయిని చూసి వస్తోంది.

ఆడాసిటీకి మూలం లాటిన్ మాట ‘ఔడేరే’, అంటే తెగించడం. అది ‘అవిదుస్’ నుంచి వచ్చింది, అంటే దేన్నైనా గట్టిగా కోరుకునే మనిషి. ఇంగ్లిష్‌లో ఎంతో ఆసక్తిగల అనే అర్థమున్న ‘అవిడ్’ కూడా ఆ కుటుంబంలోదే. ఈ పుట్టుక నాకు చాలా ఇష్టం. మనం ధైర్యవంతులంటే భయం లేనివాళ్లనుకుంటాం. ఈ మాట పుట్టిన చోట భయం ఊసే లేదు, ఉన్నది కోరికే. నిజంగా కావాలనుకున్నవాళ్లే తెగిస్తారు.

అయితే దీన్ని తిట్టుగా వాడటం కొత్తేమీ కాదు. క్రీ.పూ. 63లో రోమ్ సెనేట్‌లో, అధికారంలో ఉన్న సిసిరో, కుట్ర పన్నిన కాటిలీన్ మీద విరుచుకుపడుతూ అన్నది ఇదే, అదుపు లేని ‘ఔడాకియా’ అని, అంటే తెగింపు అని. 1792 సెప్టెంబర్ 2న, ప్రష్యా సైన్యం మీదికి వస్తుంటే, పారిస్‌లో ఫ్రెంచ్ విప్లవ నాయకుడు డాంటన్ దేశం బతకాలంటే తెగువ కావాలి, ఇంకా తెగువ, ఎప్పటికీ తెగువే అన్నాడు. ఆయన ఫ్రెంచ్‌లో వాడిందీ ఆ మాటే. ఏలేవాళ్లకి పనికొస్తే మెప్పు, వాళ్లని ఎదిరిస్తే నేరం.

మనకీ ఇది తెలిసిన కథే. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ‘సాహసం’ ఒక నేరం, ఎదుటపడి బలవంతంగా చేసే దౌర్జన్యం. అన్నిటికన్నా పెద్దదైన జరిమానా, ఉత్తమ సాహస దండం, 500 నుంచి 1000 పణాల (అప్పటి నాణేల) దాకా ఉండేది. ఆ మాటతోనే ఇప్పుడు పిల్లలకి సాహస బాలల అవార్డులిస్తున్నాం! ఇంట్లో మాత్రం ‘ఎంత ధైర్యమే నీకు’ అన్నామంటే ఆడపిల్ల నోరు మూసుకోవాలనే అర్థం.

మా టీమ్‌లో అనంతపురం అమ్మాయి ఒకామె మారతహళ్లిలో ఇల్లు ఖాళీ చేసింది. అడ్వాన్స్‌లో ఒక నెల అద్దె పెయింటింగ్‌కని పట్టుకోవడం ఇక్కడి అలవాటు, దానికి ఆమె ఒప్పుకుంది. ఓనర్ దాని మీద క్లీనింగ్, గీజర్ రిపేర్ అని ఇంకా కోశాడు. ‘అంకుల్, దేనికెంత అయిందో బిల్లులు ఇవ్వండి’ అని అడిగిందంతే. ఆయన తెలుగాయనే. ‘వాట్ ఆడాసిటీ! మా ఇంట్లో ఉండి మమ్మల్నే లెక్కలు అడుగుతావా?’ అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. గొంతు వణుకుతున్నా ఆమె కదల్లేదు. ‘మీ ఇల్లే అంకుల్, డబ్బు నాది’ అంది.

నివాస ఇళ్లకి అడ్వాన్స్ రెండు నెలల అద్దె దాటకూడదని కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం చెబుతోంది. రాష్ట్రాలు దాన్ని తమ చట్టంగా చేసుకుంటే తప్ప అది అమల్లోకి రాదు. ఇక్కడ నెలల తరబడి అద్దె ముందే కట్టించుకున్నవాళ్లది వ్యాపారం, తన డబ్బు తాను అడిగిన పిల్లది ఆడాసిటీనా? గీజర్ బిల్లు మాత్రం ఇంతవరకూ రాలేదు. ఆమె అడుగుతూనే ఉంది.