బాంబులు పట్టలేని బాంబు డిటెక్టర్ ఏళ్ల తరబడి చెక్‌పోస్టుల్లో ఎలా నిలిచింది?

2016 జూలై 3. రంజాన్ నెల చివరి రోజులు. బాగ్దాద్‌లోని కరాదా బజారు అర్ధరాత్రి దాటినా జనంతో కిటకిటలాడుతోంది. అప్పుడే అక్కడ పేలుడు పదార్థాలు నింపిన వాహనం పేలింది. 300 మందికి పైగా చనిపోయారు. చాలామంది షాపింగ్ కాంప్లెక్సులో మంటల్లో చిక్కుకుని బయటికి రాలేకపోయారు. ఆ ఘోరం తర్వాత ఇరాక్ ప్రధాని హైదర్ అల్ అబాదీ ఇచ్చిన ఆదేశాల్లో ఒకటి ఇది: చెక్‌పోస్టుల్లో సిబ్బంది వాడుతున్న చేతి బాంబు డిటెక్టర్లను వెంటనే తీసేయాలి.

ఆ డిటెక్టర్ పేరు ఏడీఈ 651. అది పనిచేయదని 2010 నాటికే లోకానికి తెలిసిపోయింది. దాన్ని అమ్మిన బ్రిటిష్ వ్యాపారి జేమ్స్ మెకార్మిక్‌కు 2013లోనే లండన్ కోర్టు పదేళ్ల జైలుశిక్ష వేసింది. అతను జైలుకెళ్లినా, అతని సరుకు మాత్రం బాగ్దాద్ రోడ్ల మీద మరో మూడేళ్లు డ్యూటీ చేసింది. భద్రత పేరుతో ప్రభుత్వాలు చేసే అర్థంలేని పనులు చాలా ఉన్నాయి. కానీ ఇంతమంది ప్రాణాలతో ముడిపడ్డది, ఇంత తేలిగ్గా ఆపగలిగి ఉండీ ఆపనిది నాకు మరొకటి కనిపించదు.

అసలు ఆ పరికరంలో ఏముంది? పిస్తోలు పిడిలాంటి ప్లాస్టిక్ పిడి, దాని ముందు కీలు మీద అటూ ఇటూ ఊగే యాంటెన్నా, నడుముకు కట్టుకునే ఒక చిన్న పెట్టె. పెట్టెలో ప్లాస్టిక్ కార్డు పెట్టాలి. ఫలానా పేలుడు పదార్థానికి ఫలానా కార్డు. బ్యాటరీ లేదు. పట్టుకున్న మనిషి ఒంట్లో పుట్టే స్థిర విద్యుత్తే చాలునని కంపెనీ చెప్పింది. అందుకే సిపాయి ముందు కాసేపు కాళ్లాడించి, తర్వాత కారు పక్కనే మెల్లగా నడిచేవాడు. యాంటెన్నా కారు వైపు తిరిగితే ఆపేవారు. "సెంటు కొట్టుకున్నావా? పంటికి సిమెంటు పెట్టించుకున్నావా?" అని డ్రైవర్‌ని అడిగేవారు. అవునంటే పంపించేసేవారు. గోడల వెనకున్నవీ, నీటి అడుగునున్నవీ, విమానంలోంచి అయితే 5 కిలోమీటర్ల దూరంలో ఉన్నవీ ఇది పట్టేస్తుందని కంపెనీ ప్రచారం. బీబీసీ వాళ్లు ఒక కార్డును కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కంప్యూటర్ లాబొరేటరీకి ఇచ్చి విప్పించి చూస్తే, దొంగతనం జరగకుండా దుకాణాల్లో వస్తువులకు అంటించే ట్యాగు తప్ప అందులో ఇంకేమీ లేదు.

ఒక్కోటి 16,500 నుంచి 60,000 డాలర్ల దాకా పెట్టి ఇరాక్ కొనుక్కుంది. మొత్తం ఖర్చు సుమారు 8.5 కోట్ల డాలర్లు. దీని మూలం అమెరికాలో బొమ్మల్లా అమ్మిన, పోయిన గోల్ఫ్ బంతుల్ని వెతికిపెడుతుందనే పరికరం. ధర 20 డాలర్లు. ఇదే తరహాలో క్వాడ్రో ట్రాకర్ అనే దాన్ని అమెరికాలో పాఠశాలలకూ, పోలీసులకూ అంటగడుతుంటే 1996లోనే ఎఫ్‌బీఐ కేసు పెట్టి కోర్టుతో నిషేధం వేయించింది. అంటే ఇరాక్ మీద అమెరికా దండెత్తడానికి ఏడేళ్ల ముందే ఈ మోసం ఏమిటో ఆ దేశ ప్రభుత్వ ఫైళ్లలో ఉంది.

యాంటెన్నా మాత్రం నిజంగానే తిరుగుతుంది. చిక్కంతా అక్కడే. పట్టుకున్నవాడు మోసగాడు కానక్కర్లేదు. మన మనసులో ఏది ఉంటుందని అనుకుంటామో, తెలియకుండానే చేతి కండరాలు అటు కొద్దిగా కదులుతాయి. విలియం కార్పెంటర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1852లోనే దీనికి పేరు పెట్టి వివరించాడు. రాయలసీమలోనో, తెలంగాణలోనో బోరు పాయింట్ చూసే మనిషి అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడ్డం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. బోరు పడకపోతే రైతు అప్పులపాలవుతాడు, అది చిన్న నష్టమేమీ కాదు. చెక్‌పోస్టులో తప్పిపోతే పోయేది మాత్రం ఆ దారిన వెళ్లేవాళ్ల ప్రాణాలు.

ఇన్ని వేలమంది సిపాయిలు రోజూ వాడుతూ కూడా ఇది పనిచేయదని ఎందుకు గుర్తించలేదు? లెక్క చూస్తే అర్థమవుతుంది. చెక్‌పోస్టు దాటే కార్లలో బాంబున్నది ఏ లక్షలోనో ఒకటి. ప్రతి కారుకూ "ఏమీ లేదు" అని చెప్పే ఒక ఇటుకరాయి కూడా లక్షలో 99,999 సార్లు కరెక్టే. అరుదైనదాన్ని వెతికే పరికరం ఏదైనా సరే, రోజువారీ అనుభవంలో బాగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. ఉత్తుత్తిగా యాంటెన్నా తిరిగితే సెంటు మీదికి నెట్టేయొచ్చు. నిజంగా బాంబు దాటిపోతే సిపాయి సరిగ్గా పట్టుకోలేదనొచ్చు. నాడి స్థిరంగా ఉండాలి, ఒళ్లు అలసిపోయి ఉండకూడదు అని ట్రైనింగులో ముందే చెప్పి ఉంచారు. తప్పు ఎప్పుడూ మనిషిదే అయ్యేలా ఆ ఏర్పాటు జరిగింది. కాబట్టి "మా జవాన్లకు అనుభవం ఉంది, పనిచేస్తోందని వాళ్లే చెబుతున్నారు" అనే మాటకు సాక్ష్యంగా విలువ లేదు.

విలువ ఉన్న పరీక్ష ఒక్కటే, దానికి ఖర్చు కూడా పెద్దగా కాదు. మూసిన పెట్టెలు కొన్ని వరసగా పెట్టి, ఒక దాంట్లో పేలుడు పదార్థం ఉంచాలి. ఎందులో ఉందో పరికరం పట్టుకున్నవాడికీ, పక్కన నిలబడ్డవాడికీ తెలియకూడదు. దీన్నే గుడ్డి పరీక్ష అంటారు. థాయ్‌లాండ్ 2010 ఫిబ్రవరిలో ఆ పని చేసింది. అక్కడి సైన్యం వాడుతున్నది జీటీ 200 అనే ఇలాంటి పరికరమే. 2009 అక్టోబరులో దక్షిణాన రెండు చోట్ల అది "ఏమీ లేదు" అని చెప్పిన వాహనాలు పేలి జనం చనిపోయాక, ఒత్తిడి పెరిగి ప్రభుత్వం పరీక్షకు ఒప్పుకుంది. నాలుగు పెట్టెల్లో ఒకటి ఎంచుకోవాలి, 20 సార్లు. కళ్లు మూసుకుని చెప్పినా సగటున 5 సార్లు సరిగ్గా తగలాలి. జీటీ 200కి తగిలింది 4 సార్లు.

ప్రధాని అభిసిత్ వెజ్జాజీవా ఫలితం ప్రకటించారు, ఇకపై కొనవద్దన్నారు. కానీ సైన్యం మాత్రం మాకు ఫీల్డులో పనిచేస్తోందని పట్టుబట్టింది. అప్పటికే దక్షిణ థాయ్‌లాండ్‌లో ఆ యాంటెన్నా ఇంటి వైపో, మనిషి వైపో తిరిగిందని ఎంతోమందిని నిర్బంధించి ఉన్నారు. పరికరం బూటకమని ఒప్పుకుంటే వాళ్లందరికీ జవాబు చెప్పాలి. ఎవరు చెబుతారు? పిల్లి మెడలో గంట ఎవరూ కట్టలేదు. మెక్సికోలోనూ ఇదే పరికరం చూపిందని మనుషుల్ని జైల్లో పెట్టారు. 2022లో థాయ్ పార్లమెంటులో ప్రతిపక్షం ఇంకో సంగతి బయటపెట్టింది: సైన్యం ఒక్కో జీటీ 200 విప్పి పరీక్షించడానికి 10,000 భాట్ చొప్పున, 757 పరికరాలకు 75 లక్షల భాట్‌కు పైగా కేటాయించింది. పన్నెండేళ్ల కిందట నాలుగు పెట్టెలతో, ఇరవై ప్రయత్నాల్లో తేలిపోయిన విషయానికి!

ఇరాక్‌లోనూ సంగతి వేరే కాదు. బాంబు నిర్వీర్య విభాగం అధిపతి మేజర్ జనరల్ జిహాద్ అల్ జాబిరీ, అది మంత్రమో సైన్సో తనకు అనవసరమనీ, బాంబులు పట్టుకుంటే చాలనీ 2009లో న్యూయార్క్ టైమ్స్‌తో అన్నారు. ఆ ఏడాది అక్టోబరు 25న బాగ్దాద్ నడిబొడ్డున ప్రభుత్వ భవనాల దగ్గర జరిగిన పేలుళ్లలో 150 మందికి పైగా చనిపోయారు. తర్వాత జాబిరీ ఈ కొనుగోళ్ల అవినీతి కేసులోనే జైలుకెళ్లారు. లంచం ఒక కారణం, నిజమే. కానీ లంచం కొనుగోలును వివరిస్తుంది గానీ, కొన్నాక ఇన్నేళ్లు వాడటాన్ని పూర్తిగా వివరించదు. డబ్బు ముట్టినవాళ్లు కొద్దిమంది. మిగతావాళ్లు పై అధికారి కొన్నదాన్ని ప్రశ్నించలేక మౌనంగా ఉన్నారు. దాన్ని తీసేస్తే చెక్‌పోస్టులో సిపాయి చేతిలో ఏముంటుంది? ఖాళీ చెయ్యి కనిపిస్తే జనం భయపడతారని వాళ్ల టెన్షన్.

బ్రిటన్ ప్రభుత్వం చేసింది నాకు ఇంకా ఎక్కువ కోపం తెప్పిస్తుంది. 2010 జనవరిలో బీబీసీ కథనం వచ్చాక ఎగుమతిపై నిషేధం పెట్టింది, కానీ ఇరాక్, అఫ్గానిస్తాన్‌లకు మాత్రమే. అక్కడ బ్రిటిష్ సైనికులకూ, మిత్ర దేశాల సైనికులకూ ప్రమాదం ఉందన్నది కారణం. వేరే దేశాల్లో ఆ పరికరాన్ని నమ్ముకుని రోడ్డెక్కే మామూలు జనం ఆ లెక్కలోకి రాలేదు. జీటీ 200ని అమ్మిన గ్యారీ బోల్టన్ విషయంలో అయితే, బ్రిటన్ సైన్యంలోని రాయల్ ఇంజినీర్స్ ఎగుమతి బృందమే ఆయుధ ప్రదర్శనల్లో అతని సరుకును చూపించింది. యూనిఫాంలో ఉన్నవాళ్లు పక్కన నిలబడి చూపిస్తే కొనేవాడు ఎందుకు అనుమానిస్తాడు? బోల్టన్‌కు 2013లో ఏడేళ్ల శిక్ష పడింది. పక్కన నిలబడ్డవాళ్ల గురించి ఆ తీర్పు ఏమీ చేయలేకపోయింది.

ఇదంతా మనకెందుకు అంటే, అదే ప్రశ్న ఇప్పుడు మన వీధుల్లో ఉంది. ముఖాల్ని గుర్తుపట్టే కెమెరా సాఫ్ట్‌వేర్ బూటకం కాదు, దాని వెనక నిజమైన సైన్సు ఉంది. కానీ ఎంత పనిచేస్తోంది అన్నదే అసలు విషయం. తప్పిపోయిన పిల్లల్ని వెతకడానికి వాడుతున్న సాఫ్ట్‌వేర్ కచ్చితత్వం 2 శాతమేనని ఢిల్లీ పోలీసులు 2018లో హైకోర్టుకు చెప్పారు. ఆ తర్వాత వాడకం పెరిగిందే గానీ తగ్గలేదు. హైదరాబాద్‌లో పోలీసులు రోడ్డు మీద జనం ఫోటోలు తీసి ఈ వ్యవస్థలో సరిచూస్తున్న తీరుపై దాఖలైన పిటిషన్‌లో తెలంగాణ హైకోర్టు 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసులిచ్చింది.

ఇక్కడా ఇటుకరాయి లెక్కే వర్తిస్తుంది, కాకపోతే తిరగేసి. ఒక రైల్వే స్టేషన్‌లో రోజుకు లక్షమంది తిరుగుతారనుకుందాం, వాళ్లలో పోలీసులు వెతికేవాళ్లు పదిమంది. సాఫ్ట్‌వేర్ వందకు ఒక్కసారే పొరపడుతుందనుకున్నా, సుమారు వెయ్యిమంది అమాయకుల మీద వేలు చూపిస్తుంది. 99 శాతం అన్న మాట టెండర్ కాగితాల మీద గొప్పగా కనిపిస్తుంది. ఆ వెయ్యిమందిలో ఒకరిని పక్కకు పిలిచి, ఫోన్ తీసుకుని, ఆధార్ అడిగి, డ్యూటీకి ఆలస్యం చేసినప్పుడు ఆ మిగిలిన ఒక్క శాతం ఏమిటో అతనికి తెలుస్తుంది. అతను రోజుకూలీ అయితే ఆ పూట కూలి పోయినట్టే.

అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒకటే: భద్రతకు సంబంధించిన వివరాలు బయటపెట్టలేం. కొన్ని వివరాలు దాచాలి, ఒప్పుకుంటాను. ఏ కెమెరా ఎక్కడుందో, ఎవరి కోసం చూస్తోందో చెప్పమని ఎవరూ అడగడం లేదు. పరికరం మీద గుడ్డి పరీక్ష చేశారా, అమ్మిన కంపెనీ కాకుండా వేరెవరైనా చేశారా, ఎన్నింట్లో ఎన్ని సరిగ్గా వచ్చాయి, ఇంతవరకు ఎంతమందిని పొరపాటున ఆపారు, ఇవి చెబితే ఏ తీవ్రవాదికీ లాభం లేదు. ఏడీఈ 651 విషయంలో రహస్యం కాపాడింది మెకార్మిక్‌ని, అతని దగ్గర కమీషన్ తిన్నవాళ్లని.

ఈ నాలుగు జవాబులూ టెండర్ ఖరారు చేయకముందే వెబ్‌సైట్‌లో పెట్టాలని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ శాసనసభల్లో ఏ సభ్యుడైనా అడగొచ్చు. ఇప్పటికే వాడుతున్నవాటికైతే ఏటా ఒకసారి బయటి సంస్థతో మళ్లీ పరీక్ష చేయించి, ఆ ఫలితం కూడా సభ ముందు పెట్టాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొనుగోలు నిబంధనల్లో రెండు వాక్యాలు చేరిస్తే సరిపోతుంది.