జీతం స్లిప్పు లేనివాళ్ల ప్రాణానికి లెక్క ఎవరు కట్టాలి?

రోడ్డు ప్రమాదంలో మనిషి పోతే ఎంత పరిహారం వస్తుందో చెప్పలేం, అంతా జడ్జిగారి చేతిలోనే ఉంటుంది అనుకుంటారు చాలామంది. నిజానికి లెక్క చాలావరకు ఖరారై ఉంది. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు ఏ వయసుకు ఏ మల్టిప్లయర్, అంటే ఏడాది ఆదాయాన్ని గుణించే అంకె, వాడాలో తేల్చేసింది. 2017లో ప్రణయ్ సేథీ కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం, సొంతంగా పని చేసుకునేవాళ్లకు కూడా ముందుముందు పెరగబోయే సంపాదన కలపాలంది. నలభై లోపువాళ్లకైతే అది 40 శాతం. ఇంత పక్కా లెక్కలో మొదటి అంకెనే గాలికి వదిలేశారు. పోయినవాళ్లు నెలకు ఎంత సంపాదించేవాళ్లు? నా కోపమంతా దాని మీదే.

ఒక తాపీమేస్త్రిని తీసుకోండి. 32 ఏళ్లు, భార్య, ఇద్దరు పిల్లలు. నెలకు 18,000 తెచ్చేవాడు. దానికి 40 శాతం కలిపి, సొంత ఖర్చుల కింద మూడో వంతు తీసేసి, ఏడాదికి లెక్కగట్టి, ఆ వయసుకున్న మల్టిప్లయర్ 16తో గుణిస్తే 32,25,600. కానీ సంపాదనకు కాగితం లేదని ట్రిబ్యునల్, అంటే పరిహారం కేసులు వినే కోర్టు, నెలకు 9,000 అని రాసుకుందనుకోండి, 16,12,800. ఒక్క ఊహతో పదహారు లక్షలు పోయాయి!

ఆ కాగితం ఎక్కడి నుంచి తెస్తుంది ఆ మేస్త్రి భార్య? కూలి చేతికిస్తారు, సంతకం ఉండదు. సర్టిఫికెట్ ఇమ్మంటే కాంట్రాక్టర్ భయపడతాడు. ఇచ్చినా, కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పమంటే ఫోన్ ఎత్తడు. బోనులో నిలబడ్డ ఆమెను, పరిహారం కట్టాల్సిన ఇన్సూరెన్స్ కంపెనీ లాయర్ "బ్యాంకులో వేసేవాడా? లేదు కదా?" అని అడుగుతాడు. ఇలాంటి కేసుల్లో అంత గట్టి రుజువులు అడగక్కర్లేదని సుప్రీంకోర్టు ఎన్నిసార్లు చెప్పిందో! అయినా అడుగుతూనే ఉన్నారు.

ఇల్లాలి సంగతి ఇంకా దారుణం. సంపాదన లేని భార్య విలువ భర్త ఆదాయంలో మూడో వంతేనని 1994లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన రెండో షెడ్యూల్‌లోనే 2018 దాకా రాసి ఉండేది. 2021లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన తీర్పులో ప్రభుత్వ సర్వే లెక్కలే చూపించారు. జీతంలేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్లు 97. ఇల్లాలికి కూడా ముందుముందు పెరిగే ఆదాయం కలిపి లెక్కగట్టాలని ఆ కేసులోనే చెప్పారు. అయినా ఆ ఇల్లాలి నెల ఆదాయం ఎంత అన్న మొదటి అంకె మళ్లీ ఊహే.

నేను అడిగేది పెద్దదేం కాదు. కాగితం లేకపోతే, ఆ పనికి ప్రమాదం జరిగిన నాటికి ఉన్న కనీస వేతనం కంటే ఒక్క రూపాయి కూడా తక్కువ రాయకూడదు. ఇల్లాలికీ అదే వర్తించాలి. అంతకంటే ఎక్కువ సంపాదించేవాడని భార్య, ఇరుగుపొరుగు, తోటి పనివాళ్లు చెబితే నమ్మాలి. కాదు, తక్కువే వచ్చేదని వాదిస్తే, ఆ రుజువు ఇన్సూరెన్స్ కంపెనీ తెచ్చుకోవాలి. విచారించే మనుషులు, తిరగడానికి డబ్బు ఉన్నది వాళ్ల దగ్గరే.